బయట భోజనం

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించబోతుండగా ముందుగదిలో స్టీలు కంచం చప్పుడైంది. పడ్డ కంచానికీ విసిరిన కంచానికీ తేడా సుభద్రకు బాగా తెలుసు. పడ్డది గిరగిరా తిరుగుతూ కాసేపు మోగుతుంది. విసిరింది గోడకు తగిలి ఠక్కున ఆగిపోతుంది. ఇది విసిరిందే. వెంటనే ఇంకో చప్పుడు వచ్చింది. అదేమిటో కూడా ఆమెకు తెలుసు. కాని ఇన్నేళ్ళూ ఆ చప్పుడు తన ఒంటి మీదే పుట్టేది. పక్కగదిలోంచి వినడం ఇదే మొదలు.

ఇస్త్రీపెట్టె నిలబెట్టి పరుగెత్తింది.

గోడ మీదినుంచి ఉప్మా ముద్దలు ముద్దలుగా జారుతోంది. కూతురు అక్షర ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుని నిలబడింది. ఎడమ చెంప మీద నాలుగు వేళ్ళూ తేలాయి. పెదవి చివర పగిలి, యూనిఫాం కాలరు మీద నెత్తురు చుక్క పడింది. ఎదురుగా భర్త గోవిందరాజులు వగరుస్తున్నాడు. ఒంటి మీద బనీను, నుదుట మూడు వేళ్ళ విభూతి.

"కార్తీకమాసంలో ఉప్మాలో ఉల్లిపాయ వేస్తుందా? ఏం పెంచావే దీన్ని?"

అమ్మకు ఆఫీసు టైమైపోతోందని పిల్ల తనే పొయ్యి దగ్గరికి వెళ్ళింది. బుట్ట అడుగున మిగిలిపోయిన ఒకే ఒక ఉల్లిపాయ దాని కంట పడింది. ఢిల్లీలో పుట్టి, ఢిల్లీ బడిలో చదివే పదిహేనేళ్ళ పిల్లకు కార్తీకం ఎప్పుడొచ్చిందో ఏం గుర్తుంటుంది? కార్తీకమాసపు పుణ్యమంతా ఆ ఒక్క ఉల్లిపాయతో కొట్టుకుపోతుందని తండ్రి భయం. పిల్ల పెదవి పగిలితే మాత్రం పుణ్యానికి లోటేమీ ఉండదు కాబోలు.

"చిన్నపిల్లండీ, దానికేం తెలుసు" అంటూ సుభద్ర మధ్యకు వెళ్ళింది. ఆమె జుట్టు పట్టుకుని తలను ఫ్రిజ్ తలుపుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. లోపల సీసాలు గలగలలాడాయి. కణత దగ్గర వేడిగా ఏదో పాకింది. దాన్ని ఆమె పట్టించుకోలేదు. కళ్ళు కూతురి చెంప మీదే ఉన్నాయి. నన్నేం చేసినా సరే, పిల్ల జోలికి మాత్రం రాడు అని నమ్ముకుని ఆమె ఇంతకాలం కాపురం చేసింది. ఇవాళ ఆ నమ్మకం కూడా ఉప్మాతోపాటు గోడ కింద పడి ఉంది.

"మమ్మీ, మై ఠీక్ హూఁ, నాకేం కాలేదు. బస్సొచ్చేస్తుంది," అంటూ అక్షర కాలరు నీళ్ళతో తుడుచుకుంది. మాస్కు పెట్టుకుంది. దీపావళి పొగ ఇంకా దిగలేదు, ఊరంతా మాస్కులే. పొగ పుణ్యమా అని ఎవరి ముఖం మీద ఏముందో ఎవరికీ తెలియని రోజులు.

సుభద్రకు ఢిల్లీలో ఈ కాలమే ఇష్టం. ఎండాకాలంలో మోచేతుల దాకా కమిలిన మచ్చలు దాచడానికి నానా తంటాలు పడాలి. ఇప్పుడైతే నిండు చేతుల స్వెట్టర్ తొడుక్కుంటే చాలు. ఊదారంగు స్వెట్టర్ తొడుక్కుని, కణత మీదికి జుట్టు దువ్వుకుని, బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళింది. ఒక మంత్రిత్వశాఖలో ఉత్తరాలు పంపే సెక్షన్‌లో ఆమెది గుమాస్తా ఉద్యోగం. పొట్టి మనిషి, సన్నటి మెడ, చూపుడువేలి చివర ఎప్పుడూ స్టాంపు సిరా మరక. చేరిన రోజు ఏ కుర్చీలో కూర్చుందో ఇవాళా అదే కుర్చీ. సెలవు పెట్టిన రోజున ఆమె రాలేదన్న సంగతి సెక్షన్‌లో పక్క కుర్చీ కస్తూరిగారికి తప్ప ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం కస్తూరిగారు డబ్బా విప్పుతుండగా సుభద్ర ఫోన్ మోగింది. అవతల గోవిందరాజులు. గొంతులో తేనె కారుతోంది.

"ఏం చేస్తున్నావు? సాయంత్రం పాపని తీసుకుని అశోకా రోడ్డులో మన తెలుగు భోజనశాలకి వచ్చెయ్యి. భోజనం అక్కడే చేద్దాం. పాపకి పూరీ ఇష్టం కదా. పొద్దున ఏదో కోపంలో చెయ్యి చేసుకున్నాను. మనసులో పెట్టుకోకండి."

ఫోన్ పెట్టేశాక కస్తూరిగారు నవ్వింది. "మళ్ళీ హోటలా! పెట్టి పుట్టావే తల్లీ. మా ఆయన ఉన్నాడూ, బయట తిందామంటే కడుపునొప్పి అంటాడు."

ఈ మాట సుభద్ర ఎన్నిసార్లు విందో. విన్న ప్రతిసారీ నవ్వి ఊరుకునేది. ఢిల్లీలో ఎక్కడ ఏం బాగుంటుందో ఆమెకు తెలిసినంతగా సెక్షన్‌లో ఎవరికీ తెలియదు. కరోల్ బాగ్‌లో ఛోలే భటూరే తిన్న రోజు పన్ను విరిగి, కుడివైపే నమిలింది. వసంత్ కుంజ్ మాల్‌లో ఐస్‌క్రీమ్ ఎడమచేత్తో తింది, కుడి మణికట్టు వాచిపోయి ఉంటే. పాప కడుపులో ఉండగా ఒక పెద్ద హోటల్లో తెల్ల గుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చోబెట్టి సూపు తాగించాడు. ఆ రోజు దేనికి కొట్టాడో ఆమెకు గుర్తులేదు. సూపు మాత్రం చాలా బాగుంది. దెబ్బ తర్వాత విందు, ఆ ఇంటి ఆచారం అది. అక్కడికెళ్ళి కడుపునిండా తిని వస్తే జరిగింది మాఫీ అయిపోయినట్టే. ఆమె ప్రతిసారీ తింది.

ఇవాళ విందు పాపకి. ఇవాళ అది తింటే దాని చెంప మీది దెబ్బ కూడా మాఫీ అయిపోతుంది. ఆ తర్వాత ఇంకోటి, దానికింకో విందు. సుభద్ర తన డబ్బాకు మూత పెట్టేసింది.

"కొట్టిన రోజే తీసుకెళ్తారు కస్తూరిగారూ," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఎప్పుడూ అంతే. ఇవాళ పిల్లని కొట్టారు."

కస్తూరిగారి చేతిలో ముద్ద అలాగే ఆగింది. "ఇన్నేళ్ళుగానా? నాకు చెప్పలేదేంటే?"

"మీరు పెట్టి పుట్టావు అంటుంటే బాగుండేదండీ. ఆ ఒక్క మాటైనా మిగలనీ అనుకున్నాను."

కస్తూరిగారు కళ్ళు తుడుచుకుంది. తనే ఏడిస్తే సుభద్రను ఎవరు ఓదార్చాలని కాబోలు, చప్పున గట్టిపడింది. "వసంత్ కుంజ్‌లో మా ఇంట్లో గది ఖాళీగా పడుంది. ఫోన్ చెయ్యక్కర్లేదు, అడగక్కర్లేదు. పిల్లని తీసుకుని వచ్చెయ్."

"చూద్దాం లెండి," అంది సుభద్ర. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె అన్నిటికీ ఇచ్చే జవాబు అదే.

సాయంత్రం అశోకా రోడ్డులో వీధిదీపాల చుట్టూ పొగ పసుపుపచ్చగా కమ్ముకుంది. భోజనశాల బయట జనం దగ్గుతూ వరసలో నిలబడ్డారు. గోవిందరాజులు అప్పటికే టోకెన్లు తీసుకుని, వచ్చేపోయే తెలుగువాళ్ళకు నమస్కారాలు పెడుతున్నాడు. ఇంట్లో పులి వీధిలో పిల్లి అని పెద్దలు ఊరికే అనలేదు. ఆఫీసులో పై అధికారి కసిరితే నవ్వుతాడు, ఆటోవాడు తిడితే సారీ చెబుతాడు. ఆయనంత మెత్తని మనిషి లేడని నలుగురూ అంటారు.

పొడుగాటి బల్ల దగ్గర చోటు దొరికింది. అక్షర మాస్కు తీసింది. చెంప కమిలి నీలంగా ఉంది.

"జుట్టు ఇటు వేసుకో నాన్నా," అని తండ్రే ప్రేమగా సర్దాడు. ఆ చెయ్యి తగలగానే పిల్ల మెడ చటుక్కున భుజాల్లోకి పోయింది.

వడ్డన మొదలైంది. పప్పు, వేపుడు, గోంగూర పచ్చడి, సాంబారు, ఆవిర్లు కక్కే పూరీ. "భయ్యా, పాపకి ఇంకో పూరీ," అని గోవిందరాజులు కేకేశాడు. సాంబారు అన్నంలో పోసుకుని, అందులో తేలే ఉల్లిపాయలతో సహా కలుపుకుని ముద్ద పెట్టుకున్నాడు. భార్య చూపు గమనించి నవ్వాడు. "బయట దోషం లేదులే. తినండి, తినండి."

అక్షర తినలేదు. చెంచాతో సాంబారులోంచి ఉల్లిపాయలు ఏరుతోంది. ఒక్కొక్కటే తీసి కంచం అంచున పెడుతోంది. ప్రతి ముక్కకూ ఒకసారి తండ్రి ముఖం చూస్తోంది. ఉప్పు సరిపోయిందా అని రోజూ సుభద్ర ఆయన ముఖంలో వెతుక్కునే చూపు అది, ముమ్మూర్తులా తనదే. అన్నీ ఏరేశాక పిల్ల చిన్నగా నవ్వి, "థాంక్యూ డాడీ," అంది. చెయ్యి పూరీ వైపు వెళ్ళింది.

సుభద్రకు ఒళ్ళు మండిపోయింది. భయం కాదు, దుఃఖం కాదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రానంత కోపం.

"ముట్టుకోకు. లే అక్షరా."

"ఏంటే?" గోవిందరాజులు నవ్వు చెదరకుండానే బల్ల కింద ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. "కూర్చో. నలుగురిలో తమాషాలు చెయ్యకు."

ఎముక కలుక్కుమంది. ఆమె కూర్చోలేదు. "పొద్దున పిల్ల మూతి పగలగొట్టి సాయంత్రం పూరీ పెడతారా? నేను తిన్నాను, తిన్నన్నాళ్ళు తిన్నాను. ఇది తినదు."

బల్ల చుట్టూ తెలుగువాళ్ళే. అందరికీ అర్థమైంది. గోవిందరాజులు ముఖం నల్లబడింది. వీధిలో పిల్లి మొదటిసారి పులి అయింది. లేచి, సాంబారు చేత్తోనే ఆమె చెంప మీద ఈడ్చి కొట్టాడు. ఆమె బల్ల మీద పడింది. నీళ్ళ గ్లాసులు దొర్లాయి. పెదవి చిట్లి నోట్లోకి ఉప్పటి నెత్తురు దిగింది. అక్షర కేక పెట్టింది. ఎదుటి వరసలో ఒక ముసలాయన ఎంగిలిచేత్తోనే లేచి, "ఏమయ్యా, మనిషివా?" అని అరిచాడు. ఇంకో ఇద్దరు లేచారు.

అంతే, పులి మళ్ళీ పిల్లి అయిపోయింది. "అబ్బే, ఆవిడకి ఒంట్లో బాగాలేదండీ. ఏదో మాట్లాడుతూ ఉంటుంది," అని చుట్టూ చేతులు జోడించి నవ్వడం మొదలుపెట్టాడు. అటు నమస్కారాలు సాగుతుండగా సుభద్ర కూతురి చెయ్యి పట్టుకుని తలుపు దాకా వెళ్ళింది. అక్షర జేబులోంచి మాస్కు తీసి పెట్టుకోబోయింది.

"వద్దమ్మా. చూస్తే చూడనీ," అంది సుభద్ర.

రోడ్డు మీద ఆటో ఆగింది. ఆటోవాణ్ణి అక్షరే పలకరించింది. "భయ్యా..." అని తల్లి వైపు తిరిగింది.

"వసంత్ కుంజ్," అంది సుభద్ర. ఆటో పొగలోకి వెళ్ళిపోయింది.

లోపల గోవిందరాజులు మళ్ళీ కూర్చున్నాడు. పక్కవాళ్ళు జరిగి కూర్చున్నారు. ఒలికిన నీళ్ళు తుడవడానికి వచ్చినతను రెండు కంచాల వైపు చూశాడు. "ఇవి తీసేయమంటారా సార్?"

"ఉంచు. వస్తారు," అన్నాడు గోవిందరాజులు, ముద్ద కలుపుతూ. "ఎక్కడికి పోతారు?"

అక్షర కంచంలో పొంగిన పూరీ, ఎవరి వేలూ తగలకుండానే, మెల్లగా అణిగిపోతోంది.