ఉతకని చొక్కా

"ఈ చొక్కా కాస్త నువ్వు ఉతికిపెట్టు టీచరమ్మా. నాకు చేతులు ఆడటం లేదు," అంది ఇంటావిడ, బకెట్టు నా కాళ్ళ దగ్గర పెట్టి. రబ్బరు గ్లౌజులు కూడా తెచ్చింది.

ఈ దేశానికి పాఠాలు చెప్పడానికొచ్చి మూడు నెలలుగా వాళ్ళింట్లోనే ఉంటున్నాను. ఇన్నాళ్ళూ ఆమె నన్ను కంచం కూడా కడగనివ్వలేదు. "చుట్టంతో చాకిరీ చేయిస్తే నలుగురూ నవ్వరూ?" అనేది. ఆమె భర్త రిటైరైన బస్సు డ్రైవరు. "ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను. ఇంట్లో మాత్రం నాది వెనక సీటే," అని నవ్వించేవాడు. ఇప్పుడాయన కిటికీ పక్కన నిలబడి, పోలీసుల సోదా ఎన్నో ఇంటి దాకా వచ్చిందో చూస్తున్నాడు.

చొక్కా వాళ్ళబ్బాయిది. నిరసన ఊరేగింపుల మీద పోలీసులు నీలిరంగు నీళ్ళు చిమ్ముతున్నారు. వేడినీళ్ళలో ఉతికితే బట్ట మీంచి పోతుంది కానీ, ఒంటికంటితే వారం దాకా వదలదు. ఆ రంగు బట్ట దొరికిన ఇంట్లో పెద్దవాళ్ళని పట్టుకుపోతున్నారు. నిన్న ఆ అబ్బాయి స్నేహితుడొకడు ఈ చొక్కాని ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చిచ్చాడు. పొద్దున ఆసుపత్రి గోడ మీద అంటించిన పేర్లలో అబ్బాయి పేరుంది. శవాన్ని ఇవ్వరట.

"కాలిస్తే పొగొస్తుంది. ఉతకడమే మేలు. తొందరగా," అన్నాడు పెద్దాయన, వెనక్కి తిరగకుండా.

గ్లౌజులు తొడుక్కుని చొక్కా పైకెత్తాను. ఇంకా తడిగానే ఉంది. కాలరు దగ్గర చెమట వాసన.

నా కూతురు పోయిన పదోరోజున మా అత్తగారు దాని గౌన్లన్నీ మూటగట్టి బాత్రూం ముందు పెట్టారు. "ఉతికి ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా. కళ్ళముందుంటే నువ్వు కోలుకోలేవు." పేపరులోంచి తలెత్తకుండానే, "అమ్మ చెప్పింది నిజమే కదా," అన్నాడు నా భర్త. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో అందరి బట్టలూ ఉతికింది నేనే. అవీ ఉతికాను. మెడల దగ్గర మురికి లేకుండా రుద్ది మరీ ఉతికాను. ఆరాక ఒక్కొక్కటే ముఖానికి ఆనించుకున్నాను. అన్నిట్లోనూ సబ్బు వాసనే. పిల్ల రెండోసారి పోయింది, ఈసారి నా చేతుల మీదుగా.

ఇవాళ పొద్దున ఫోన్లో నా భర్త, "రేపు మనవాళ్ళందర్నీ విమానంలో పంపేస్తున్నారట, ఎక్కెయ్. వాళ్ళ గొడవ మనకెందుకు? అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి, ఇక్కడ ఎక్కడి పని అక్కడే ఉంది," అన్నాడు. విమానం ఎక్కేముందు మెడలూ చేతులూ చూస్తున్నారనీ, రంగుంటే ఆపేస్తున్నారనీ చెప్పి, జాగ్రత్త అన్నాడు.

"పక్కింట్లో ఉన్నారు," అన్నాడు పెద్దాయన.

గ్లౌజులు తీసేశాను. "నేను ఉతకను పెద్దమ్మా."

"మమ్మల్ని ముంచుతావా తల్లీ?"

చొక్కా తీసుకుని గదిలోకి వెళ్ళాను. ఇళ్ళ సోదాల్లో విదేశీయుల జోలికి రావడం లేదు, పాస్‌పోర్టు చూసి వదిలేస్తున్నారు. చొక్కా ఒంటిమీద వేసుకుని, పైన స్వెటరు తొడిగి, గుండీలు మెడదాకా పెట్టుకున్నాను. చల్లటి తడి భుజాల మీదకి దిగింది.

ముగ్గురొచ్చారు. పరుపులు తిరగేశారు, బకెట్టు బోర్లించారు. ఒకడు నా పాస్‌పోర్టు చూసి, "మీవాళ్ళంతా పోతున్నారుగా, నువ్వు పోవా?" అన్నాడు.

"పాఠాలు మిగిలున్నాయి," అన్నాను.

వాళ్ళు వెళ్ళాక స్వెటరు విప్పాను. మెడ చుట్టూ నీలిగీత దిగింది. ఇంటావిడ కాసేపు దూరం నుంచే చూసింది. తర్వాత దగ్గరికొచ్చి, కాలరులో ముఖం పెట్టి, గట్టిగా గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

ఫోను మోగితే పెద్దాయన తెచ్చి నా చెవి దగ్గర పెట్టాడు.

"సర్దుకున్నావా?" అన్నాడు నా భర్త.

"లేదు. ఇక్కడొకావిడ కొడుకుని వాసన చూసుకుంటోంది. నేను కదలకూడదు."