వచ్చినవాళ్ళే ముందు పలకరించాలి

రాత్రంతా సముద్రం కక్కిపోసిన నాచును దంతెతో లాగి లాగి ఇస్మే నడుము అప్పుడే పట్టేసింది. నిన్న సాయంత్రమేగా గుట్టలు గుట్టలుగా ఎత్తించింది! తెల్లారేసరికి మళ్ళీ మొదటికి. సముద్రానికి సిగ్గూ లేదు, అలుపూ లేదు. గోధుమరంగు పీచు, కుళ్ళిన గుడ్డు కంపు. ఓడ దిగే జనానికి ఇది కనిపించకూడదు. కనిపిస్తే, "అయ్యో, మీ సముద్రం ఇంత మురికా?" అంటారు, ఇదంతా ఇస్మే ఇంట్లోంచి తెచ్చి పోసినట్టు.

అరవై రెండేళ్ళ మనిషి. పొట్టి, గట్టి ఒళ్ళు. మోచేతుల దాకా ఉప్పు చారలు. కుడిచేతి బొటనవేలి గోరు కుర్చీ మడతలో పడి నలిగి పదేళ్ళయింది, ఇప్పటికీ సగమే పెరిగింది. ఓడల కంపెనీవాళ్ళు ఇచ్చిన టోపీ పెట్టుకోదు. తన చేత్తో అల్లుకున్న తాటాకు టోపీయే పెట్టుకుంటుంది. మేనేజరు కెర్విన్ చెప్పి చెప్పి ఊరుకున్నాడు. వాడికి సండే స్కూల్లో ముక్కు తుడిచింది ఇస్మేయే మరి.

నాచు అయ్యాక కుర్చీలు. ఆమె వరసలో నలభై పడక కుర్చీలు, నలభై నీలం గొడుగులు. ఈ బుల్లి దీవి ఒకప్పుడు మేకలది. ఇప్పుడు బార్ కట్టిన చోట ఇస్మే తాత కందులు పండించేవాడు. ఓడల కంపెనీ కౌలుకి తీసుకున్నాక మేకలు పోయాయి, కందులు పోయాయి. రోజూ తెల్లవారుజామున పెద్ద దీవిలోని ఊరి నుంచి పడవెక్కి వచ్చి, తాత పొలంలో ఇస్మే కుర్చీలు నాటుతోంది.

రోజుకో ఓడ వస్తుంది. వారమంతా జనాన్ని బహామాస్ దీవుల చుట్టూ తిప్పిన ఓడ చివరిరోజు ఆగేది ఇక్కడ. మొదటిరోజు జనం ఎంతో నయమట. చివరిరోజు జనం వారం పాటు తిని, తాగి, ఒళ్ళు ఎర్రగా కాల్చుకుని, ఇక సుఖపడడానికి ఒక్కపూటే మిగిలిందని పంతం పట్టి సుఖపడతారు. పళ్ళు బిగించి మరీ సుఖపడతారు. కుర్చీ కోసం కొట్టుకుంటారు. చెప్పులు పెట్టి చోటు ఆపుకుంటారు. ఒకావిడ ఇసుక మరీ మెత్తగా ఉందని ఫిర్యాదు చేసింది. ఇంకో పెద్దమనిషి, "నేను పడుకున్నప్పుడు నీడ ఇక్కడే ఉంది, ఎవరు తీశారు?" అన్నాడు. సూర్యుడు తీశాడు నాయనా! వాళ్ళు కళ్ళు మూసుకున్నాక నలభై గొడుగుల్నీ పొద్దుతోపాటు గుండ్రంగా జరిపేది ఎవరనుకున్నారో.

ఇవన్నీ ఇస్మే ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది ఒకటే. మనిషి ఎదురుగా వచ్చి పలకరించకుండా, "రెండు కుర్చీలు" అనడం.

వాళ్ళ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. వాకిట్లోకి గానీ, దుకాణంలోకి గానీ, పడవలోకి గానీ వచ్చినవాళ్ళే ముందు 'గుడ్ మార్నింగ్' అనాలి. ఉన్నవాళ్ళు అందుకోవాలి. ఇస్మే ఆరేళ్ళప్పుడు దుకాణంలోకెళ్ళి, "అమ్మ పంచదార తెమ్మంది" అంటే, వెనకే వచ్చిన అమ్మ చెవి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ గుమ్మం ఎక్కించింది. "మర్యాదకి బరువుండదే పిల్లా, ఎంత మోసినా భుజం నొప్పెట్టదు" అనేది. ఆ అమ్మ పోయిన రోజున చెల్లెలు క్లియోమీ ఎవర్నీ పలకరించకుండా సరాసరి శవం దగ్గరికి పోయింది. పదకొండేళ్ళయింది. మూడిళ్ళ అవతలే ఉంటుంది. ఇస్మే ఇప్పటికీ ఆమెతో మాట్లాడదు. ముందు దాన్ని పలకరించనీ.

"ఈ ఓడలోనేనా నీ మేజోళ్ళాయన?" అన్నాడు హెజ్రాన్, పక్క పాకలో శంఖు మాంసాన్ని ఉల్లిపాయలతో కలిపి తరుగుతూ. ఇద్దరూ ఒకే బడి, ఒకే ఈడు. అతని నోరూ కత్తీ ఒక్క క్షణం ఊరుకోవు.

"ఏటా ఈ వారమేగా."

"అందుకే పొద్దుటే ముతక జాకెట్ మానేసి పూల జాకెట్ తొడిగావన్నమాట!"

"నీ శంఖులు నువ్వు చూసుకో. వేలు తెగుద్ది."

ఆమె నిజంగానే ఎదురుచూస్తోంది. మేజోళ్ళ కోసం కాదు. ఆ పలకరింపు కోసం.

ఎనిమిదేళ్ళ కిందట అర్విడ్ గారు మొదటిసారి వచ్చి, "ఈ కుర్చీ ఖాళీయేనా?" అన్నాడు. ఇస్మే సముద్రంకేసి చూసింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ సముద్రమే. మూడోసారికి ఆయన భార్య ఇంగ పగలబడి నవ్వి, "గుడ్ మార్నింగ్ చెప్పవయ్యా మహానుభావా!" అంది. చెప్పాడు. ఇస్మే ఇరవై ఏడో కుర్చీ పరిచి ఇచ్చింది. ఆయన కెనడాలో, విన్నిపెగ్ అనే మంచు ఊళ్ళో బస్సు నడిపేవాడట. "ముప్ఫై ఏళ్ళు బస్సెక్కిన ప్రతివాడికీ నేనే గుడ్ మార్నింగ్ చెప్పానమ్మా. సగంమంది మొహం తిప్పుకునేవాళ్ళు. పట్టుబట్టి చెప్పించుకున్నది నువ్వొక్కదానివే" అన్నాడు. ఆ మరుసటేడు టోపీ తీసి, వంగి మరీ చెప్పాడు. ఆ ఏడే ఇంగ ఉన్ని మేజోళ్ళ జత అల్లి తెచ్చింది. ఈ ఎండల్లో ఉన్ని మేజోళ్ళు! ఇస్మే తల కొట్టుకుంది. కానీ జనవరిలో ఉత్తరపు గాలి తిరిగినప్పుడు, తెల్లవారుజామున పడవలో, అవే వేసుకుంది. ఇంగ పోయాక ఆయన ఒక్కడే రెండేళ్ళుగా వస్తున్నాడు. ఆవిడ అల్లి పెట్టిపోయిన వాటిలోంచి ఏటా ఒక జత తెస్తాడు.

పది గంటలకి మూడో లాంచీలో దిగాడు. కాస్త వంగాడు, చిక్కాడు. ఎడమచేతిలో గుడ్డసంచీ. ఇసుకలో నెమ్మదిగా నడిచి వచ్చి ఇస్మే ఎదురుగా నిలబడ్డాడు.

ఆమె దంతె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, సిద్ధంగా ఉంది.

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఆమె మొహంలోకి ఊరికే అలా చూశాడు. తర్వాత సంచీ ముందుకు చాపాడు.

ఇస్మేకి అరికాలి మంట నెత్తికెక్కింది. పలకరింపు లేదు, పాడూ లేదు, సంచీ మొయ్యమంటాడా! ఈయన కూడానా! ఆమె సంచీ అందుకోలేదు. గడ్డంతో ఇరవై ఏడో కుర్చీ చూపించి, వెనుదిరిగి పోయింది.

పన్నెండింటికి హెజ్రాన్ ఆయనకి ఓ గిన్నెడు శంఖు సలాడ్ ఇచ్చి వచ్చాడు. వచ్చి ఇస్మే పక్కన నిలబడ్డాడు.

"తినలేదే. సగం ఒళ్ళో ఒలకబోసుకున్నాడు. మొహం బాగాలేదు."

"రాత్రి ఓడలో ఆఖరి విందు కదా, పూటుగా తాగుంటాడు."

"ఆయన తాగడం నువ్వెప్పుడన్నా చూశావా?"

"పలకరించకపోవడం మాత్రం ఎప్పుడన్నా చూశానా? ఏం, నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా? బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. కూర్చోనీ."

"ఓసారి వెళ్ళి చూడొచ్చుగా."

"వచ్చింది ఆయన. నేనెందుకు వెళ్ళాలి?"

హెజ్రాన్ దండం పెట్టి తన కత్తి దగ్గరికి పోయాడు. ఈమెతో వాదించడం కన్నా శంఖుతో వాదించడం తేలిక.

మధ్యాహ్నం ఇస్మే ముప్ఫై తొమ్మిది గొడుగులు జరిపింది. ఇరవై ఏడోది జరపలేదు. నోరు తెరిచి అడిగితే జరుపుతుంది. ఎండ ఆయన పాదాల మీదికి వచ్చింది. మోకాళ్ళు ఎక్కింది. ఆయన అడగలేదు. ఆమె పనిలేకపోయినా అటుగా నాలుగుసార్లు నడిచింది, అడుగుతాడేమోనని. ఎండ గుండెల దాకా వచ్చేసరికి ఇక చూడలేకపోయింది. పళ్ళు కొరుక్కుంటూ, వెనకనుంచి వెళ్ళి, ఆయన మొహం కనిపించకుండా గొడుగు జరిపి వచ్చేసింది. ఆయన టోపీ కొంచెం కదిలింది. ఆమె చూసీ చూడనట్టు వచ్చేసింది.

నాలుగింటికి ఓడ కూత వేసింది. కెర్విన్ మైకులో ఆఖరి లాంచీ అని అరుస్తున్నాడు. జనం తువ్వాళ్ళు ఈడ్చుకుంటూ, పిల్లల్ని తిట్టుకుంటూ రేవుకి పోతున్నారు. ఇరవై ఏడో కుర్చీ కదల్లేదు. ఇస్మే ఇక ఆగలేదు. విసవిసా వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది.

"అర్విడ్ గారూ! పొద్దున్నుంచీ చూస్తున్నా. ఎనిమిదేళ్ళ పరిచయం! ఒక్క మాటకి..."

అక్కడ ఆగిపోయింది. ఆయన మొహం కుడివైపంతా కిందికి జారిపోయింది. పెదవి కొసన చొంగ ఎండి తెల్లని గీత కట్టింది. కుడిచెయ్యి ఇసుకలోకి వేలాడుతోంది. కళ్ళు మాత్రం ఆమెనే చూస్తున్నాయి.

"గు..." అన్నాడు ఆయన. "గు... గు..."

ఇస్మేకి అర్థమైంది. పొద్దున ఎదురుగా నిలబడి నోరు తెరిచి మూసినప్పుడు కూడా ఆయన అదే చెప్తున్నాడు. మాట ఓడలోనే పడిపోయింది. నోరు రాకే సంచీ చాపాడు.

ఆమె ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడింది. ఆయన ఎడమచెయ్యి పట్టుకుంది. "గుడ్ మార్నింగ్, అర్విడ్ గారూ" అంది, సాయంత్రం నాలుగింటికి. "గుడ్ మార్నింగ్ బాబూ, గుడ్ మార్నింగ్." ఆ చెయ్యి ఆమె వేళ్ళని గట్టిగా నొక్కింది.

అప్పుడు ఆమె వేసిన కేకకి బార్‌లో గ్లాసులు కడిగేవాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. ఓడ డాక్టరమ్మ స్ట్రెచర్‌తో వచ్చింది. కళ్ళలో లైటు వేసి చూసి, "ఎప్పట్నుంచి ఇలా ఉన్నాడు?" అంది.

"పొద్దున పదింటి నుంచి" అంది ఇస్మే.

"ఆరు గంటలా! మరి ఒక్కరైనా చెప్పలేదేం?"

ఇస్మే స్ట్రెచర్ వెంట లాంచీ దాకా నడిచింది. లాంచీ కదిలింది. ఓడ మళ్ళీ కూత వేసి వెళ్ళిపోయింది.

ఆమె కుర్చీలు మడిచింది. ఇరవై ఏడో దాని కింద గుడ్డసంచీ ఉంది. అతిథులు మరిచిపోయిన సామాను ముట్టకూడదని రూలు. దానికేసి చూడకుండా తీసుకెళ్ళి పాకలో మేకుకి తగిలించింది.

"నువ్వేమన్నా డాక్టరువా ఇస్మే? నీకెలా తెలుస్తుంది?" అన్నాడు హెజ్రాన్, తిరుగు పడవలో.

"డాక్టరుకి తెలీదురా. ఓడలో మూడువేలమందికీ తెలీదు. నాకు తెలుసు. ఆ మనిషి పలకరించకుండా ఉండడని నా ఒక్కదానికే తెలుసు." హెజ్రాన్ ఇంటిదాకా ఒక్క జోకు వెయ్యలేదు.

పడవ దిగి నడుస్తూ ఇస్మే తన ఇంటి ముందు ఆగలేదు. మూడిళ్ళు దాటింది. క్లియోమీ వరండాలో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. ఇస్మే గేటు పట్టుకుని నిలబడింది. వచ్చింది తను. చెప్పాల్సింది తను.

"గుడ్ ఈవినింగ్, క్లియోమీ."

ఒలిచే చేతులు ఆగాయి.

"పదకొండేళ్ళు పట్టిందా నోరు పెగలడానికి?" అంది క్లియోమీ. "అమ్మ శవం చూసిన రోజున నాకు గొంతు పూడుకుపోయిందే మొండిదానా! నోట మాట రాలేదు. అదన్నా అడిగావా? గుడ్ ఈవినింగ్. లోపలికొచ్చి చావు, దోమలు."

ఇస్మే వరండా మెట్టు మీద కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. క్లియోమీ తిడుతూనే ఒలవని కాయల్లో సగం ఆమె ఒళ్ళో పోసింది.

పొద్దున మళ్ళీ నాచు. మళ్ళీ దంతె. కెర్విన్ ఇసుకలో నడుచుకుంటూ వచ్చాడు.

"గుడ్ మార్నింగ్, ఇస్మే అత్తా."

"గుడ్ మార్నింగ్, నాయనా."

"నిన్నటి పెద్దాయన... ఓడ రేవు చేరకముందే పోయాడట. నిద్రలోనే."

ఆమె దంతెకి చుట్టుకున్న నాచును వేళ్ళతో పీకింది. "మంచిది" అంది. ఏం మంచిదో ఆమెకే తెలీదు.

కెర్విన్ పాకలోకి వెళ్ళి సంచీ తెచ్చాడు. రూలు ప్రకారం వచ్చే వారం అదే ఓడ వచ్చినప్పుడు అప్పగించాలి. దాని మీద పిన్నుతో గుచ్చిన కాగితం చూశాడు. 'ఇస్మేకి' అని ఉంది. వాడు సంచీ ఇరవై ఏడో కుర్చీ మీద పెట్టి, ఫోనేదో వచ్చినట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మొదటి లాంచీ వచ్చే దాకా ఇస్మే దాన్ని ముట్టుకోలేదు. తర్వాత విప్పింది. బూడిదరంగు ఉన్ని మేజోళ్ళు. ఒకటి ఇంగ చేతిది, బిగువుగా, నున్నగా ఉంది. రెండోది అల్లడం రాని చెయ్యేదో ఆ ఒంటరిదానికి జోడు కట్టాలని అల్లింది. కుట్లు జారి, ఓ పక్కకి వంకర తిరిగి, మడమ రావలసిన చోట ముడి పడి ఉంది, ఆ ముడిలోంచి అంగుళమంత ఉన్ని దారం కత్తిరించకుండా బయటికి వేలాడుతోంది.