చేతులు కలిపించిన మనిషి

ఫైలు తెరిచి ఫిర్యాదు ఎవరి మీదో చదివేసరికి కిరణ్మయి ఆ పేరు దగ్గరే ఆగిపోయింది. పద్మనాభం, ఆపరేషన్స్ హెడ్, గురుగ్రామ్. ఇంటిపేరు సరిపోయింది. అంతకుముందు చేసిన ఉద్యోగాల వివరాలూ సరిపోయాయి. ఆయనే.

ఆఫీసు తగాదాల మీద విచారణ జరపడం కిరణ్మయి వృత్తి. ఏ కంపెనీలోనైనా గొడవ ముదిరి లోపలివాళ్ళు తేల్చలేకపోతే, బయటి సంస్థ నుంచి ఆమెలాంటివాళ్ళను పిలుస్తారు. ఇరుపక్షాల మాటా విని ఆమె నివేదిక రాస్తుంది. దాన్నిబట్టి కొందరి ఉద్యోగాలు నిలబడతాయి, కొందరివి పోతాయి.

ఆమె ఈ వృత్తిలోకి రావడానికి కారణం పద్మనాభమే.

పదేళ్ళ కిందట వేరే కంపెనీలో, ఆయన కింద, కిరణ్మయి కొత్తగా చేరిన ఉద్యోగి. ఢిల్లీలో, ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల. ఆమె తయారుచేసిన ప్రెజెంటేషన్‌ను రఘురామ్ అనే సీనియర్ తన పేరు పెట్టుకుని క్లయింటుకు చూపించాడు. ఇదేమిటని అడిగితే, టీమంతా ఉన్న గదిలో, "నీకీ ఉద్యోగం ఎలా వచ్చిందో అందరికీ తెలుసులే" అన్నాడు. ఎవరో నవ్వారు. కిరణ్మయి వెళ్ళి పద్మనాభానికి ఫిర్యాదు చేసింది.

ఆయన ఇద్దరినీ తన గదికి పిలిచి చాయ్ తెప్పించాడు. ఎంత పెద్ద గొడవనైనా ఒక్క చాయ్‌తో చల్లార్చేస్తాడని ఆయనకు పేరు.

"చూడు తల్లీ, ఇంత దూరం వచ్చి మన తెలుగోళ్ళమే కొట్టుకుంటే వీళ్ళంతా నవ్వరూ?" అన్నాడు. "వాడు నోరు జారాడు. నువ్వూ అందరి ముందు నిలదీశావు. అచ్ఛా, నువ్వు చిన్నదానివి. ఓ సారీ చెప్పెయ్. వాడూ చెప్తాడు. ఏరా?"

రఘురామ్ తలూపాడు. కిరణ్మయి సారీ చెప్పింది. పద్మనాభం ఆమె చెయ్యి తీసుకుని రఘురామ్ చేతిలో పెట్టాడు. "ఠీక్ హై. అయిపోయింది, ఇక పనిచూసుకోండి" అన్నాడు.

రఘురామ్ సారీ చెప్పనేలేదు. తప్పు తనదేనని ఆమె ఒప్పుకున్నట్టు టీమంతా అనుకుంది. కొన్ని నెలలు అలాగే నెట్టుకొచ్చి, ఉద్యోగం మానేసింది. కార్మిక చట్టాలు చదివింది. తగాదాలు పరిష్కరించడంలో శిక్షణ తీసుకుంది. ఫిర్యాదు చేసిన మనిషి మాట ముందు ఒంటరిగా వినాలనీ, అవతలి మనిషి ఎదుట బలవంతంగా కూర్చోబెట్టకూడదనీ మొదటి పాఠాల్లోనే చెప్పారు. అది విన్నరోజు క్లాసులోంచి లేచి వెళ్ళి బాత్‌రూమ్‌లో ఏడ్చింది.

ఆ పాఠాల్లోనే ఇంకోటి కూడా చెప్పారు. విచారించే మనిషికి ఇరుపక్షాల్లో ఎవరితోనూ పాత పరిచయం ఉండకూడదు. ఉంటే తప్పుకోవాలి. ఫైలుతో పాటు వచ్చిన కాగితం మీద అదే రాసి ఉంది: నాకు వీరెవరూ తెలియరు. కిరణ్మయి దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత సంతకం పెట్టింది.

ఫిర్యాదు చేసిన అమ్మాయి భవ్యశ్రీ. వరంగల్ నుంచి వచ్చింది. ముందు బెదురుతూ మొదలుపెట్టింది, తర్వాత ఆపుకోలేకపోయింది.

"నేను ఇంగ్లిష్ మాట్లాడితే చాలు మేడమ్, మా టీమ్ లీడ్ జశ్వంత్ నన్ను అనుకరించి చూపెడ్తడు. కాల్‌లో అందరు నవ్వుతరు. రోజూ ఇదే. పద్మనాభం సార్‌కు చెప్తే ఇద్దర్ని కూసోబెట్టి చాయ్ తాగిపిచ్చిండు. నాతోనే సారీ చెప్పిచ్చిండు. షేక్‌హ్యాండ్ ఇప్పిచ్చిండు. అప్పటిసంది ఇంకా ఎక్కువ చేస్తున్నరు. సార్ దగ్గరే అయిపోయిందిగా, మళ్ళ ఏంది అంటరు."

కిరణ్మయి రాసుకోవడం ఆపేసింది. అదే చాయ్, అదే షేక్‌హ్యాండ్. ఈ పదేళ్ళలో ఆయన కొత్తగా ఏమీ నేర్చుకోలేదు. నేర్చుకోవాల్సిన అవసరమే రాలేదు.

"నీకు న్యాయం జరుగుతుంది" అంది. అలాంటి మాట ఇవ్వకూడదని ఆమెకు తెలుసు.

మరునాడు పద్మనాభం వచ్చాడు. జుట్టు తెల్లబడింది, గొంతు మారలేదు. ఆమెను ఏమాత్రం గుర్తుపట్టలేదు.

"మీరూ తెలుగువారేనా మేడమ్! ఏ ఊరండీ మనది?"

"అది ఇక్కడ అనవసరం సార్. కూర్చోండి."

ఆయన నవ్వుతూనే కూర్చున్నాడు. "మీరు చదువుకుని నేర్చుకున్నారు, నేను మనుషుల మధ్య తిరిగి నేర్చుకున్నా. ఇన్నేళ్ళ సర్వీసులో నా ఫ్లోర్ నుంచి ఒక్క గొడవ పైదాకా పోలేదండీ. దేనికైనా అనుభవం కావాలి."

"గొడవలు పోలేదు. మనుషులు ఎంతమంది పోయారు?"

"అంటే?"

"మీ గదిలో చేతులు కలిపాక ఉద్యోగం మానేసినవాళ్ళు."

ఆయన నవ్వు తగ్గింది. కిరణ్మయి తొందరపడలేదు. ఒక్కొక్క ప్రశ్నే అడిగింది. భవ్యశ్రీ మాట విడిగా విన్నారా? లేదు. సారీ ఎవరు చెప్పాలో ఎవరు నిర్ణయించారు? తనే. జశ్వంత్ చెప్పాడా? గుర్తులేదు. ఎందుకు గుర్తులేదు? ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. నివేదికకు కావలసినదంతా ఆ పాటికే దొరికింది. అయినా ఆమె ఆపలేదు. అడిగినవే మాట మార్చి మళ్ళీ అడిగింది. ఆయన తడబడుతుంటే, మాట సాయం చేయకుండా, అలాగే చూస్తూ కూర్చుంది. ఆమెకు హాయిగా ఉంది.

అయిపోయిందని చెప్పి రికార్డర్ కట్టేసింది. ఆయన లేచాడు. అలా వెళ్ళిపోతే, తనను ఇంతసేపు నలిపింది ఎవరో కూడా తెలియకుండానే వెళ్ళిపోతాడు. ఆ ఊహే ఆమె భరించలేకపోయింది.

"నన్ను గుర్తుపట్టలేదా సార్? రఘురామ్ చేతిలో నా చెయ్యి పెట్టారు."

ఆయన పరకాయించి చూశాడు. ఉన్నట్టుండి ముఖం విప్పారింది. "ఓర్నీ, కిరణ్! నువ్వా తల్లీ! ఎంతదానివయ్యావే!"

అందులో నటన లేదు. నిజంగానే సంతోషించాడు. ఆమె పదేళ్ళు మోసినది ఆయన మనసులో ఒక్కరోజు కూడా నిలవలేదు. చెంపదెబ్బ తిన్నట్టయింది కిరణ్మయికి.

తర్వాత ఆయన చూపు మారింది. "అంటే నేనెవరో తెలిసే ఈ కుర్చీలో కూర్చున్నావన్నమాట" అన్నాడు నెమ్మదిగా. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ఆయన అభ్యంతరం రాసి పంపాడు. విచారణ రద్దయింది. కిరణ్మయి పై అధికారి ఇషిత ఆ సంతకం కాగితాన్ని బల్లమీద పెట్టి, "ఇది నువ్వే పెట్టావా?" అని మాత్రం అడిగింది. అవునంది కిరణ్మయి. ఆమెను విచారణల నుంచి తప్పించారు.

అసలు దెబ్బ భవ్యశ్రీకి తగిలింది. ఫిర్యాదు కొట్టేశారని ఫ్లోరంతా పుకారు పుట్టింది. జశ్వంత్ టీముకు సమోసాలు తెప్పించాడు. ఆ పిల్ల రాజీనామా చేసి కిరణ్మయికి ఫోన్ చేసింది.

"మీకు ఆయన ముందే తెలుసంట కదా మేడమ్."

"భవ్యా, నేను..."

"ఆ కుర్చీల నా కోసం కూసున్నరు అనుకున్న. మీ కోసం కూసున్నరు." ఫోన్ పెట్టేసింది.

ఢిల్లీ పక్కనే, వైశాలిలోని తన ఫ్లాట్‌లో కిరణ్మయి కొన్నాళ్ళు తలుపు వేసుకుని కూర్చుంది. సిగ్గుపడింది. కానీ సిగ్గుకన్నా కోపమే ఎక్కువగా మండింది. ఆయన ఇంకా ఆ గదిలోనే ఉన్నాడు, ఇంకా చాయ్ తెప్పిస్తూనే ఉన్నాడు. తన తెలివితక్కువతనమే ఆయన్ను కాపాడింది. భవ్యశ్రీ వెళ్ళిపోయినా ఆమె ఫిర్యాదు మిగిలే ఉంది కనుక విచారణ మళ్ళీ మొదటినుంచి జరగబోతోందని, ఈసారి ఇషితే చేస్తుందని తెలిసి కిరణ్మయి ఇషితకు ఫోన్ చేసింది.

"సాక్షిగా వస్తాను. నాకు జరిగింది చెప్తాను."

"నీ తప్పుడు సంతకం కూడా రికార్డుకెక్కుతుంది. ఇంకే సంస్థా నీకు విచారణలు ఇవ్వదు. ఆలోచించుకో."

"ఎక్కనివ్వండి."

కానీ ఆమె ఒక్కతే చెబితే కక్షతో చెప్పిందంటారు. అది నిజం కూడా. ఆ రోజు ఆ గదిలో ఉన్న మూడోమనిషి కావాలి. రఘురామ్ కోసం వెతికింది. నోయిడాలో ఏదో చిన్న కంపెనీలో ఉన్నాడు. ఆఫీసు కింద కాఫీ షాపులో కలిశాడు. లావయ్యాడు, కళ్ళకింద నల్లటి వలయాలు.

"ఏం కావాలి?" అన్నాడు.

చెప్పింది. అంతా విని అతను కాఫీ కప్పు పక్కకు జరిపాడు.

"నీకు తెలియంది ఒకటుంది" అన్నాడు. "నువ్వు గదిలోకి రాకముందు ఆయన నాతో అన్నాడు. 'కాసేపు తలూపరా. కొత్తపిల్ల, ఎలాగూ కొన్నాళ్ళకి తనే పోద్ది' అని."

ఇన్నాళ్ళూ కిరణ్మయి ఆయన్ను చేతకాని మనిషనుకుంది. కాదు. ఎవరు నిలబడతారో, ఎవరు పోతారో చూసుకుని, పోయేవాళ్ళ చేతే తల వంచించేవాడు. ఇన్నేళ్ళ అనుభవం ఆయనకు నేర్పింది అదే.

"ఇది వచ్చి చెప్తావా?"

"చెప్తా. నీ కోసం కాదు. తర్వాత నాకూ, నా పై మేనేజర్‌కీ గొడవొచ్చింది. నన్నూ ఆ గదిలోనే కూర్చోబెట్టాడు. ఆ రోజు తల వంచింది నేను." తర్వాత, "అప్పుడు నేనన్న మాట..." అన్నాడు.

"వద్దు" అంది కిరణ్మయి. "క్షమించడానికి రాలేదు. నువ్వు పనికొస్తావని వచ్చాను."

అతను తలూపాడు.

విచారణ రోజున ఇద్దరూ ఒకే క్యాబ్‌లో గురుగ్రామ్ వెళ్ళారు. గదిలోకి ఇద్దరూ కలిసి అడుగుపెట్టినప్పుడు పద్మనాభం ముఖం పాలిపోవడం కిరణ్మయి చూసింది. ఆయన కిరణ్మయికి సిద్ధపడే వచ్చాడు, రఘురామ్‌కు కాదు. "ఆ అమ్మాయికి నా మీద పగ మేడమ్" అని ఇషితతో మొదలుపెట్టాడు కూడా.

"ఉంది" అంది కిరణ్మయి. "అందుకే ఆ సంతకం పెట్టాను. అది తప్పు, రాసుకోండి. ఇప్పుడు ఆ రోజు ఏం జరిగిందో రఘురామ్‌ని అడగండి."

రఘురామ్ చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు, తనన్న మాటతో సహా. పద్మనాభం ఒకసారి "ఒరేయ్, నేనేం చేశాన్రా నీకు" అన్నాడు.

మనుషులను నడిపించే బాధ్యతల నుంచి ఆయన్ను తొలగించారు. ఎవరూ రాని మూల సీటులో కొన్ని రోజులు కూర్చుని, ఆయనే రాజీనామా చేశాడు. జశ్వంత్ మీద కూడా చర్య తీసుకున్నారు. ఆ కబురు తెలిసినరోజు కిరణ్మయి గిన్నెడు పాయసం వండుకుని ఒక్కతే తింది. జాలి కలుగుతుందేమోనని చూసుకుంది. కలగలేదు.

భవ్యశ్రీకి ఫోన్ చేసింది. ఆ పిల్లకు వేరే ఉద్యోగం దొరికిందట.

"విన్న మేడమ్. మంచిగైంది. ఆయన పోయినందుకు నేను గూడ సంతోషపడ్డ." తర్వాత గొంతు తగ్గించింది. "కానీ నా కేసు నేను గెలవాల్సింది. మీరు గెలిచిన్రు. ఇంక నాకు ఫోన్ చెయ్యకుండ్రి."

కిరణ్మయి సరేనంది. ఇషిత చెప్పినట్టే ఆమెకు విచారణలు రావడం మానేశాయి. ఇప్పుడు కొత్త మేనేజర్లకు పాఠాలు చెబుతోంది. మొన్న ఒక కుర్రాడు చెయ్యెత్తి, "మనకు అన్యాయం చేసిన మనిషి కేసే మన దగ్గరకొస్తే ఏం చెయ్యాలి మేడమ్?" అని అడిగాడు.

"తప్పుకోవాలి" అంది వెంటనే. క్లాసంతా రాసుకుంది. వాళ్ళు తల వంచి రాసుకుంటున్నంతసేపూ, ఆ ఫైలే మళ్ళీ తన ముందుకొస్తే మళ్ళీ సంతకం పెడతానని ఆమెకు స్పష్టంగా తెలుస్తూనే ఉంది. ఆ తెలియడమే ఆమెను భయపెట్టింది.