ముక్కు ఓడిన పూట

బూరు దీవిలో కాయుపుతి ఆకును ఆవిరి పట్టి నూనె తీసే మా బట్టీ ముందు ఆ రోజు నా ముక్కుకు పరీక్ష పెట్టారు. పెట్టింది లా ఉసిమ్ అనే పట్నం వ్యాపారి. పెట్టించింది నా ఆడపడుచు వా సమిరి. మా ఇద్దరి మొగుళ్ళూ పోయాక ఆ బట్టీ మేమే నడుపుతున్నాం.

ఉసిమ్ తెచ్చిన సీసాలోనూ కాయుపుతి వాసనే ఉంది. కానీ అందులో ఆకు లేదు, ఆవిరి లేదు. ఫ్యాక్టరీలో ఏవో మందులు కలిపి పుట్టించిన వాసన. దాన్ని మా నూనెలో సగానికి సగం కలిపి మా బట్టీ పేరుతోనే అమ్ముదామంటాడు.

"నువ్వు కాదంటే నేను పట్నం పోతా వదినా. అతని దగ్గర సీసాలు నింపుకుని బతుకుతా" అని సమిరి ముందు రోజే తేల్చేసింది. అప్పటినుంచి నాకు సగ్గుజావ కూడా సయించలేదు. మనిషి గుమ్మం దాటి వెళ్తుంటే చూడటం నా వల్ల కాదు.

మా వైపు నూనె మంచిచెడ్డలు ముక్కుతోనే తేలుస్తారు. అందుకే పందేనికి ఒప్పుకున్నాను. మా నూనె గుర్తుపడితే అతను వెళ్ళిపోవాలి, పట్టలేకపోతే నేను కలపాలి. ఉసిమ్ ఒక్కో నూనెలో ఒక్కోటి ముంచిన రెండు గుడ్డపీలికలు నా ముక్కు కింద పెట్టాడు.

"ఇది మాది" అన్నాను, ఘాటుగా ఉన్నదాన్ని పట్టుకుని.

సమిరి పకపకా నవ్వింది. "అది ఫ్యాక్టరీది వదినా. దీవి మొత్తానికి నీదొక్కటే ముక్కని మురిసిపోతావుగా."

ఆ పీలికను మళ్ళీ వాసన చూశాను.

"నీ తప్పేం లేదత్తా" అన్నాడు ఉసిమ్ మెత్తగా. "మీది పొద్దున రాస్తే సాయంత్రానికి ఉండదు. మాది వారమైనా పోదు. జనానికి ఏది నచ్చుతుందో నీ ముక్కే చెప్పింది."

"ముక్కు ఓడింది, ఒప్పుకుంటా. అయినా కలపను."

"మాట తప్పుతావా?"

"తప్పుతా. ఊరంతా చెప్పుకో. పసిబిడ్డకి కడుపు ఉబ్బితే తల్లి మన నూనె రాస్తుంది. పొట్ట వెచ్చబడి గాలి పోతుంది, బిడ్డ పడుకుంటాడు. నీది రాస్తే ఏమవుతుంది నాయనా? వారమంతా ఘుమఘుమలాడుతూ ఏడుస్తాడు."

ఉసిమ్ నవ్వు ఆపుకున్నాడు. సమిరికి నవ్వే రాలేదు.

"సగమే కదా వదినా కలిపేది."

"సగం బిడ్డకి రాస్తారా మరి?"

ఆమె లోపలికి వెళ్ళి బట్టల మూట కట్టుకొచ్చింది. "కలుపుదాం అను చాలు, ఉండిపోతా."

ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "ఉండు. కానీ కలపను."

"రెండూ కుదరవు."

"అయితే వెళ్ళు."

బోటు ఎక్కేవాళ్ళకు సముద్రంలో కడుపు తిప్పకుండా పొట్ట మీద నూనె రాసి పంపడం మా ఆచారం. రేవులో మా నూనె అరచేతిలో పోసుకున్నాను. సమిరి వద్దనలేదు. మొహం నీళ్ళ వైపు తిప్పుకుని రవిక అంచు ఎత్తింది.

"పట్నం చేరేసరికి ఎగిరిపోతుంది నీ నూనె."

"పోనీ. నీకు వాంతి కాకుంటే చాలు."

అవసరమైనదానికన్నా ఎక్కువసేపే రాశాను. బోటువాడు విసుక్కున్నాడు. అప్పుడు కూడా నేను కలుపుదామని అనలేదు.

తిరిగొచ్చేసరికి బట్టీ పొయ్యి చల్లారిపోతోంది. మంట చూసుకునేది ఎప్పుడూ ఆమే. ఎంత సెగ ఉండాలో నాకు సరిగ్గా తెలియదు. కట్టెలు తోసి, ఊదడం మొదలుపెట్టాను.