కదిలిన మనిషి

"నిన్ను కట్ చేస్తే ఫొటో మంచిగుంటది అనూ," అన్నాడు శ్రీకాంత్, కెమెరా తెర మీద ఒక అంచును భార్యకు వేలితో చూపిస్తూ.

జగదల్‌పూర్‌లోని తమ బట్టల దుకాణానికి కొత్త ఫ్లెక్సీ వేయించాలి. ఇంటిల్లిపాదీ కూర్చుని భోంచేస్తున్న ఫొటో దాని మీద ఉంటే గిరాకీకి నమ్మకం కుదురుతుందని అనుపమ మామగారి ఆలోచన. పొద్దుటి నుంచి ముసురు, పైగా కరెంటు లేదు. అనుపమ అడవిలో దొరికే బోడ పుట్టగొడుగుల మట్టి వదిలేదాకా నీళ్లు మార్చి మార్చి కడిగి, కూర వండి, కంచాలు పెట్టి, ఆ తర్వాత కెమెరాను స్టాండుకు బిగించింది. చీరల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టడానికి తెచ్చిన కెమెరా. కొన్నది శ్రీకాంత్, నేర్చుకున్నది ఆమె. అదీ కుక్కర్ కూతల మధ్య, హిందీ వీడియోలు చూసి.

ముందున్న అత్తగారి ముఖమూ, వెనకున్న మామగారి ముఖమూ రెండూ స్పష్టంగా రావాలంటే లెన్స్ రంధ్రం చిన్నది చేయాలి. చిన్నది చేస్తే వెలుతురు చాలదు. మసక వెలుతురును పట్టే ఐఎస్‌ఓ పెంచితే ఫొటో నిండా ఇసుక చల్లినట్టు రవ్వ. ఇక షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచడమే దారి. రెండు సెకన్లు పెట్టింది. ఆలోపు కదిలినవాళ్లు చెరిగిపోతారు కాబట్టి ఎవరూ కదలొద్దని చెప్పి, టైమర్ నొక్కి, తన పీట వైపు నడిచింది.

"అనుపమా, చారు," అన్నారు మామగారు.

కాళ్లకు అలవాటే కదా. వెనక్కి తిరిగి గిన్నె అందుకుంది. అప్పుడే షట్టర్ తెరుచుకుంది.

ఫొటోలో ముగ్గురూ చక్కగా పడ్డారు. అత్తగారు రామసుబ్బమ్మ ముక్కుపుడకతో సహా. అనుపమ ఉండాల్సిన అంచున ఆమె చీర రంగు ఆకుపచ్చ మరక ఉంది.

"ఒక్కకాడ నిలవవు. ఏంది పిల్లా, ఫొటోకన్నా ఆగొద్దా?" అంది రామసుబ్బమ్మ.

అనుపమకు ఒళ్లు మండింది. చారు అడిగిందెవరట? కెమెరాను అని లాభం లేదు, పాపం, అది ఉన్నదున్నట్టే చూసింది. పెళ్లయిన నాటి నుంచి ఈ ఇంట్లో కూర్చున్నవాళ్లు కూర్చునే ఉన్నారు, తను తిరుగుతూనే ఉంది. "రోజంతా ఇంట్లనే ఉంటవ్, ఏం చేస్తవ్?" అని శ్రీకాంత్ అడిగినప్పుడల్లా లేచి వంటింట్లోకి నడిచేది. చీరలకు ఫాల్ కుట్టేదీ, ఫొటోలు తీసేదీ, గిరాకీకి మెసేజ్‌లు పెట్టేదీ తనే అయినా, "మావాడి ఆన్‌లైన్ బిజినెస్" అని చెప్పుకుంటారు మామగారు. చేస్తున్న పనే తనను చెరిపేస్తోందని ఇంత తేటగా ఎవరూ చూపించలేదు.

"షట్టర్ స్పీడ్ పెంచరాదూ? తిరుగుకుంట ఉన్నా పడతవ్," అన్నాడు శ్రీకాంత్, ఆమె వీడియోల్లోకి ఓసారి తొంగిచూసిన ధైర్యంతో.

"పెంచను."

ఏ సెట్టింగూ మార్చలేదు. టైమర్ నొక్కి వచ్చి, పీట మీద కూర్చుని, తన కంచంలో అన్నం వడ్డించుకుంది.

"అనుపమా, కూర..."

"గిన్నె అక్కడే ఉంది మామయ్యా. కదిలినోళ్లు చెరిగిపోతరు, చూసుకోండి."

టైమర్ ఎర్రదీపం గబగబా మిణుకుమంది. శ్రీకాంత్ తండ్రి వైపు, ఆమె వైపు చూసి, గిన్నె కోసం సగం లేచాడు.

తర్వాత వెళ్లి తెర చూసింది కూడా అతనే. అనుపమ ముఖం స్పష్టంగా ఉంది. మధ్యలో నీలం చొక్కా మరక, కత్తిరించడానికి వీల్లేని చోట.

"అనూ, నేను చెరిగిపోయిన. ఇంకోటి తియ్యి."

"తింటున్న," అంది అనుపమ.