దక్షిణం తలుపు

హనుమయ్య ఆ రాతి ఇంటిని ముచ్చటపడి కొనలేదు, లెక్క చూసుకుని కొన్నాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని కింగ్‌స్టన్‌లో డచ్చివాళ్ళు కట్టిన పాత ఇళ్ళను చూపిస్తూ మిసెస్ బ్రూక్స్ వేసవంతా ప్రతి శనివారం జనాన్ని నడిపిస్తుంది. ఈ ఇంటి ముందు తప్పకుండా ఆగుతుంది. కారణం దాని తలుపు. అడ్డంగా రెండు ముక్కలు. కోళ్ళూ పందులూ రాకుండా కింది ముక్క మూసి, గాలి కోసం పై ముక్క ఎలా తెరిచేవాళ్ళో ఆవిడ లోపల నిలబడి చూపిస్తుంది. ఎండలో నడిచొచ్చినవాళ్ళు ఎదురుగా చాయ్, సమోసా కనిపిస్తే ఊరుకుంటారా? హనుమయ్య కొట్టు పెట్టాడు. మొదటి వేసవిలో అతని అంచనా తప్పలేదు.

చలికాలం టూర్లు ఆగిపోయాయి. కొట్లో ఈగలు తోలుకుందామన్నా ఆ మంచులో ఈగలు కూడా లేవు. అప్పుడు దిగాడు మిషిగన్‌లోని నోవై నుంచి బావమరిది శ్యామ్‌సుందర్. కార్ల కంపెనీలో ఇంజనీరు, వాస్తు చదివిన మనిషి.

"సౌత్ ఫేసింగా! ఇంకెక్కడి బిజినెస్ బావా? అది క్లోజ్ చేసి, తూర్పు సందులోకి ఎంట్రెన్స్ పెట్టు."

"టూర్ వాళ్ళకి ఆ తలుపే కదరా కావాలి?"

"నీకు టూర్ కావాలా, లక్ష్మీదేవి కావాలా?"

"తమ్ముడు మన మంచికే చెప్తాడండీ" అంది హనుమయ్య భార్య విజయశ్రీ.

హనుమయ్య తూర్పు సందులోకి గుమ్మం పెట్టించాడు. పాత తలుపుకు తాళం వేసి, దాని వెనక సరుకుల అరలు బిగించాడు.

మే నెలలో మిసెస్ బ్రూక్స్ వచ్చి తలుపు తట్టింది. సందులోంచి రమ్మన్నాడు. ఆవిడ లోపలికొచ్చి, అరలకేసి చూసి వెళ్ళిపోయింది. ఆ శనివారం గుంపు ఆగలేదు. తరువాతి వారమూ ఆగలేదు.

జూన్‌లో హనుమయ్య అరలు పీకేశాడు. శనివారం పొద్దున్నే పై ముక్క తెరిచి, ఇస్త్రీ చొక్కాతో తనే నిలబడ్డాడు.

"మిసెస్ బ్రూక్స్! ఓపెన్ చేశాను, ప్లీజ్ కమ్!"

"సారీ. మూల ఇంటివాళ్ళు వాళ్ళ తలుపు తెరుస్తున్నారు. వాళ్ళకి మాటిచ్చాం."

"పోనీ, వచ్చే ఏడాది?"

"వాళ్ళు ఎప్పుడూ మూయలేదు సర్" అందావిడ, మర్యాదగానే.

గుంపులో ఒకడు తలుపులో నిలబడ్డ హనుమయ్యను ఫొటో తీసుకుని ముందుకు సాగిపోయాడు.

విజయశ్రీ ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది.

"బావా, మళ్ళీ సౌత్ ఓపెన్ చేశావట? ఇంక ఆ కొట్టు బాగుపడ్డట్టే!"

హనుమయ్య కోపం దిగమింగాడు. "ఒరే శ్యామూ, నువ్వు చెప్పిన తూర్పు గుమ్మం అలాగే ఉంది. ఈ కొట్టు నువ్వు కొంటావా?"



"ఆఫీస్‌లో మీటింగ్ ఉంది బావా" అని శ్యామ్‌సుందర్ ఫోన్ పెట్టేశాడు. శనివారం నాడు.