రెక్క లేవని సిగ్నలు

ఎనభై ఆరు వరద వచ్చి పోయిన మరుసటేడు. నేను రైల్వేలో సిగ్నలు ఖలాసీగా రిటైరై అప్పటికి నాలుగేళ్ళు.

ఆ వరదలో ఏటి ఒడ్డునున్న పాత స్టోరు మునిగింది. నీళ్ళు తీశాక అందులోని ఇనుమంతా తుక్కు కింద అమ్మేస్తామన్నారు. మా పాత సిగ్నలు ఇన్‌స్పెక్టరు జోగేశ్వరరావు గారు కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగి, మంచివి ఏరుకుని, రాజమండ్రిలో వాడకం లేని గూడ్సు షెడ్డులో మ్యూజియం పెట్టడానికి అనుమతి తెచ్చారు. జీతం లేదు, బత్తా లేదు. రిటైరైన వాళ్ళం నలుగురం పొద్దున్నే క్యారేజీలతో వచ్చి, సాయంత్రం నల్లటి చేతులతో ఇళ్ళకు పోయేవాళ్ళం. సర్వీసులో ఉండగా ఇంత పొద్దున్నే ఏనాడైనా డ్యూటీకి వెళ్ళారా అని ఇన్‌స్పెక్టరు గారిని ఇంట్లో అడిగారట. ఆ మాట ఆయనే చెప్పుకుని నవ్వారు.

తీగలు, కప్పీలు, కీళ్ళు నా పని. తుప్పు గోకడం, కిరసనాయిలుతో కడగడం, గ్రీజు పెట్టడం. లాంతర్లు తుడవడం మల్లేశ్వరరావు గారి పని. ఆయన ఒకప్పుడు కేబిన్‌లో సిగ్నళ్ళ లివర్లు లాగిన మనిషి. కాని షెడ్డులో మేము నిలబెట్టిన లివర్ల దగ్గరికి వచ్చేవారు కాదు. రమ్మని మేమూ అనేవాళ్ళం కాదు.

యాభై మూడు వరదప్పుడు ఆయనా నేనూ ఒకే చిన్న స్టేషనులో పనిచేసేవాళ్ళం. అయిదు రోజులు విడవకుండా వాన. ఆ పొద్దున ఒక గూడ్సు రావాలి. దానికోసం ఆయన లివరు లాగి సిగ్నలు రెక్క వాల్చారు. గూడ్సు వెళ్ళిపోయాక లివరు వెనక్కి పెట్టేశారు. అలా పెడితే కింద ఉన్న బరువు దిమ్మ రెక్కను మళ్ళీ అడ్డంగా లేపుతుంది. రెక్క అడ్డంగా ఉంటే ఏ బండైనా బయటే ఆగాలి. ఆ ధీమాతోనే గ్యాంగువాళ్ళు పట్టాల మీద ట్రాలీ పెట్టుకుని గట్టుకి రాళ్ళు చేరవేస్తున్నారు. అరగంటకి పాసింజరు ఆగకుండా లోపలికి వచ్చేసింది. అందరూ దూకారు. సత్తియ్య అనే అతను మాత్రం దూకలేకపోయాడు. అతని కాలు పోయింది.

రెక్క వాలే ఉందని డ్రైవరు చెప్పాడు. లివరు వెనక్కి పెట్టానని మల్లేశ్వరరావు గారు చెప్పారు. ఆ వానలో కేబిన్ నుంచి రెక్క కనబడదు. వాన వెలిసిన మూడో రోజు ఆఫీసర్లు వచ్చి మండుటెండలో పదిసార్లు లివరు లాగించారు. పదిసార్లూ రెక్క వాలింది, పదిసార్లూ లేచింది. లివరు వెనక్కి పెట్టడం మరిచిపోయాడని రాసుకుని పోయారు. ఆయన్ని కేబిన్ నుంచి తీసి గేటు కాపలాకి వేశారు. రిటైరయ్యేదాకా ఆ గేటే.

ఆయన అన్నదమ్ములకి పాలకొల్లు బజారులో కిరాణా కొట్టు ఉంది. గురిగింజెత్తు తూకం తప్పని ఇంట్లో పుట్టి అంత లివరు మర్చిపోయాడని బజారులో వేళాకోళం చేసేవారు. నేను వెనక్కి పెట్టాను అని ఆయన కొన్నేళ్ళు చెప్పారు. తరవాత చెప్పడం మానేశారు.

ఆ సిగ్నలే మా షెడ్డుకి వచ్చింది. ప్రమాదం జరిగిన రెండో ఏట ఆ స్టేషనుకి కొత్త స్తంభాలు పడ్డాయి, పాతది స్టోరులో చేరింది. దాన్ని షెడ్డు ముందు నిలబెట్టి, లివరుకి తీగ కలిపాము. ఉగాదికి మ్యూజియం తెరవాలి. బోర్డులు రాసే పని చంద్రరావు మాస్టారిది. బళ్ళో పంతులుగా చేసి రిటైరయ్యారు, అక్షరం ముత్యంలా ఉంటుంది. ఆ సిగ్నలుకి రాయబోయేది కాగితం మీంచి చదివి వినిపించారు. యాభై మూడు వరదలలో కేబిన్‌మాన్ మరపు వలన ప్రమాదము జరిగినది ఈ సిగ్నలు వద్దనే, అని ఉంది.

పేరు వెయ్యలేదు కదా, ఫరవాలేదని ఇన్‌స్పెక్టరు గారు నసిగారు. మల్లేశ్వరరావు గారు లాంతరు అద్దం తుడుస్తూనే ఉన్నారు.

"పేరు కూడా వెయ్యండి మాస్టారూ. లేకపోతే ఇంకో కేబిన్‌మాన్‌ని అనుకుంటారు పాపం" అన్నారు.

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మర్నాడు బోర్డు మీద రంగుతో రాయాలని అనుకున్నారు.

ఆ మధ్యాహ్నం నేను నిచ్చెన ఎక్కి రెక్క కీలు దగ్గర పాత రంగు గోకుతున్నాను. కింది దిమ్మ నుంచి కడ్డీ వచ్చి రెక్కకి కలిసే చోటు అది. ఒక చోట ఉలికి ఇనుము తగల్లేదు. మెత్తగా ఏదో తగిలింది. గోటితో తీస్తే పీచు వచ్చింది. ఇంకాస్త గోకితే ముడి కనబడింది.

అది మా నాన్న నేర్పిన ముడి. వల అంచుకి ఇనప గుండ్లు కట్టడానికి వేస్తాము. నీళ్ళు తగిలినకొద్దీ బిగుస్తుంది, జారదు. మాది చేపలు పట్టే కుటుంబం. రైల్వేలో చేరాక కూడా నా జేబులో జనపదారం ఉండేది.

అప్పుడు గుర్తొచ్చింది. వరదకి ముందు ఆదివారం ఆ కీలులో మేకు జారిపోకుండా ఉంచే సన్న పిన్ను ఊడి పడిపోయింది. స్టోరులో అడిగితే లేదన్నారు. వచ్చేదాకా ఆగుతుందిలే అని దారం నాలుగు చుట్లు చుట్టి ముడి వేశాను. ఆ తరవాత నన్ను వరద డ్యూటీకి పంపారు. దసరాకి రంగులవాళ్ళు దాని మీదే రంగు కొట్టి పోయారు, ఆ రంగు కింద దారానికి మళ్ళీ నీళ్ళు తగల్లేదు. విచారణలో నన్నూ ఒక మాట అడిగారు, సిగ్నలు బాగుందా అని. బాగుందండీ అన్నాను. అబద్ధం చెప్పాననుకోలేదు.

నీళ్ళు తగిలితే జనపదారం ఉబ్బుతుంది, ఎండితే చిక్కిపోతుంది. ఇది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ తెలివి వల దగ్గరే ఆగిపోయింది, సిగ్నలు దాకా రాలేదు.

నిచ్చెన దిగి, ఆ పూట ఇంకేమీ ముట్టుకోకుండా ఇంటికి వచ్చాను. పెందలాడే వచ్చావేంటని మా ఇంటిది సూరమ్మ అడిగింది. చెప్పాను. వడ్డిస్తున్న అన్నం గిన్నె కింద పెట్టింది.

"ఇప్పుడు చెబితే నిన్నేం చేస్తారు?" అంది.

"ఏం చెయ్యరు."

"ఆయన్ని చేశారుగా" అంది.

మర్నాడు తెల్లవారగానే పక్కింటి వాళ్ళ వల కట్టలోంచి జనపదారం అడిగి తెచ్చుకుని షెడ్డుకి పోయాను. కీలులో మిగిలిన పాత దారం తీసి కాగితంలో పొట్లం కట్టాను. కొత్త దారం అలాగే నాలుగు చుట్లు చుట్టి అదే ముడి వేశాను. లివరు లాగి వదిలి చూస్తే రెక్క వాలింది, లేచింది. అప్పుడు ఒక్కొక్క బిందే నిచ్చెన మీదికి మోసుకెళ్ళి కీలు మీద నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. ఎన్ని బిందెలో లెక్క లేదు. ఉబ్బి పట్టేస్తుందో లేదో నాకు తెలియదు. పట్టకపోయినా చెప్పాలనే అనుకున్నాను.

ఎనిమిదింటికి మిగతా ముగ్గురూ వచ్చారు. నా బట్టలు తడిసి ఉండడం చూసి ఇన్‌స్పెక్టరు గారు, స్నానం ఇక్కడే చేస్తున్నావేంట్రా అన్నారు. నేను మల్లేశ్వరరావు గారి దగ్గరికి పోయాను.

"ఒక్కసారి లివరు లాగండి బాబూ."

"నేనెందుకు? నువ్వు లాగు."

"మీరే లాగాలండి."

ఆయన నా మొహం చూశారు. ఏమనుకున్నారో, భుజం మీది తువ్వాలు తీసి లివరు పిడికి చుట్టి పట్టుకున్నారు. పాత అలవాటు. లాగారు. రెక్క వాలింది. వెనక్కి పెట్టారు. తీగ వదులైంది. దిమ్మ కొంచెం కదిలి ఆగిపోయింది. రెక్క వాలే ఉంది.

ఆయన మళ్ళీ లాగి మళ్ళీ పెట్టారు. రెక్క లేవలేదు.

"ఆ కీలులో నా ముడి ఉందండి. యాభై మూడులో పిన్ను లేక నేనే కట్టాను. వానకి ఉబ్బి పట్టేసింది. ఆఫీసర్లు వచ్చేసరికి ఎండింది. మీరు మర్చిపోలేదు" అన్నాను. పొట్లం విప్పి పాత దారం ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని వేళ్ళతో నలిపి చూశారు. పిడి మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు.

"ఈమధ్య నేను కూడా మర్చిపోయాననే అనుకుంటున్నాను బుల్లియ్యా" అన్నారు.

మాస్టారు రంగు డబ్బా మూత తీసి, మరి ఏం రాయమంటారని అడిగారు. నేను చెప్పాను, మాస్టారు రాశారు. పిన్ను బదులు దారం కట్టడం వలన, ఖలాసీ బుల్లియ్య, అని. నా పేరు దగ్గర ఆయన కుంచె ఆగింది. రాయండి అన్నాను.

తరవాత నిచ్చెన ఎక్కి దారం కోసేశాను. రెక్క లేచింది. జేబులోంచి కొత్త పిన్ను తీసి, మేకుకి పెట్టి, కొసలు వంచి దిగాను.